ముహూర్తాల విపణిలో మాంద్యం: తెలుగు రాష్ట్రాల స్వతంత్ర వీడియోగ్రాఫర్ల అనుభవం

ఆర్థిక మాంద్యాన్ని సాధారణంగా త్రైమాసికాల లెక్కన కొలుస్తారు. పెళ్లిళ్ల మీద ఆధారపడి జీవించే వీడియోగ్రాఫర్‌కు మాత్రం కాలాన్ని కొలిచేది పంచాంగమే. ఆషాఢ, భాద్రపదాలు, అధిక మాసాలు, మౌఢ్యాలు పోగా మిగిలిన ముహూర్తాలలోనే అతని సంవత్సరాదాయం ఇమిడి ఉంటుంది. అందువల్ల మాంద్యం ఎంత తీవ్రమైనదన్న దానికన్నా అది ఏ మాసంలో వచ్చిందన్నదే ఈ వృత్తికి కీలకం.

2020 ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన మార్చి 25వ తేదీయే ఆ ఏటి ఉగాది. ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో స్థూల దేశీయోత్పత్తి అంతకుముందు ఏడాదితో పోల్చితే సుమారు 24 శాతం క్షీణించింది. చైత్ర, వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లిళ్లు సరిగ్గా ఆ మూడు నెలల్లోనే పడ్డాయి. తరువాత ఆషాఢం, భాద్రపదం, ఆపై అధిక ఆశ్వయుజం. కార్తికంలో కొంత ఊపిరి సలిపేలోగా 2021 ఆరంభంలో గురు, శుక్ర మౌఢ్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అవి తొలగేసరికి రెండవ విడత కరోనా విజృంభించింది.

వాయిదా పడిన పెళ్లి ఎప్పటికైనా జరుగుతుంది కదా, ఆదాయమూ అప్పుడే వస్తుందన్న వాదన పైకి సమంజసంగానే కనిపిస్తుంది. కానీ వాయిదా పడిన పెళ్లిళ్లన్నీ మిగిలిన కొద్ది ముహూర్తాల మీదే వచ్చి పడతాయి. ఒకే రాత్రి రెండు మండపాలలో ఒక మనిషి నిలబడలేడు. రెండవ పెళ్లి మరొకరికి పోతుంది, లేదా తీసుకున్న అడ్వాన్సును తిరిగి ఇవ్వవలసి వస్తుంది. ఆ సొమ్మేమో అప్పటికే కెమెరా వాయిదాకు ఖర్చై ఉంటుంది.

ఈ భారం అందరిపైనా సమానంగా పడదు. ఆర్డరు తీసుకునేది స్టూడియో యజమాని. క్యాండిడ్, డ్రోన్, ఎడిటింగ్ పనులకు రోజు కూలీ లెక్కన మనుషులను పిలుస్తాడు. కుటుంబాలు ఖర్చు తగ్గించుకోదలిస్తే ముందుగా పోయేవి డ్రోను, క్యాండిడ్. సంప్రదాయ వీడియో చివరిదాకా నిలుస్తుంది. విచిత్రమేమంటే, పరికరమంటూ లేని సహాయకుడు మరో పనికి మళ్లగలడు. అప్పు చేసి కెమెరా కొన్నవాడు దానిని విడిచి కదలలేడు. కొత్త మోడల్ వచ్చిన కొద్దీ అతని ఆస్తి విలువ పడిపోతుంది, అప్పు మాత్రం తగ్గదు. రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ప్రకటించి ఆగస్టు చివరి వరకు పొడిగించిన మారటోరియం బ్యాంకులకు, ఆర్థిక సంస్థలకు చెందిన రుణాలకే వర్తించింది, ఆ కాలానికీ వడ్డీ నడిచింది. చేబదులుగానో, నెలవడ్డీకో తెచ్చిన సొమ్ముకు ఆ వెసులుబాటు కూడా లేదు.

మనుగడకు ఎంచుకున్న మార్గాలలో లైవ్ ప్రసారం ముఖ్యమైనది. పెళ్లికి అతిథుల సంఖ్యను 50కి పరిమితం చేయడంతో, రాలేని బంధువులకు, ముఖ్యంగా విదేశాలలో ఉన్నవారికి, వేడుకను యూట్యూబ్‌లో చూపవలసిన అవసరం ఏర్పడింది. లెన్సులు, లైట్లు ఒకరికొకరు అద్దె లేకుండా ఇచ్చుకోవడం, తనకు కుదరని ముహూర్తాన్ని తోటివాడికి అప్పగించడం వంటివి ఏ గణాంకాలలోనూ నమోదు కాని సర్దుబాట్లు. గృహప్రవేశాలు, ఓణీల వేడుకలు చిన్న మొత్తాలకే ఒప్పుకున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది: కష్టకాలంలో తగ్గించి చెప్పిన రేటు బంధువర్గంలో నోటి మాటగా పాకుతుంది. మరుసటి సీజనులో అదే ఇంటివారు మరో పెళ్లికి పిలిచినప్పుడు బేరం ఆ తగ్గిన రేటు దగ్గరే మొదలవుతుంది.