కార్చిచ్చు పిదప అడవి కోలుకొను విధము

వేసవిలో కాలిన కొండ తొలకరికి మరల పచ్చబడుట అడవి దాపున గల గ్రామములవారికి ఏటేట కనిపించునదే. అందుచేతనే "నిప్పు పడినంత మాత్రమున అడవికేమి? రెండు వానలు పడిన అదియే చిగిర్చును" అను మాట పెద్దల నోట కూడ వినవచ్చుచుండును. ఈ మాటలో సగము నిజము కలదు. మిగిలిన సగమును గురించియే పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయగోరుచున్నాము.

నల్లమలను ఉదాహరణముగా తీసికొందము. కృష్ణకు దక్షిణమున ఆంధ్రప్రదేశ్‌లోను, ఉత్తరమున అమ్రాబాదు పీఠభూమిగా తెలంగాణలోను వ్యాపించిన ఈ అడవి చాలవరకు ఆకురాల్చు జాతిది. మాఘ ఫాల్గుణములలో టేకు, నల్లమద్ది, చిరుమాను మున్నగునవి ఆకు రాల్చును; బోదగడ్డి ఎండి నిలిచియుండును. ఫిబ్రవరి మొదలు జూన్ వరకు నేలయంతయు ఎండుటాకే. అయినను ఎండుటాకు తనంత తాను అంటుకొనదు. వెదురు బొంగులు రాచుకొని నిప్పు పుట్టునని ఒక నమ్మకము కలదు గాని, మన ప్రాంతపు కార్చిచ్చులు దాదాపుగా అన్నియు మనుష్యుని చేతినుండి పుట్టినవే. ఇప్పపువ్వు ఏరుటకై చెట్టు క్రింది ఆకు కాల్చువారు, లేతగడ్డి కొరకు ఎండుగడ్డి తగులబెట్టు కాపరులు, తునికి పొదలు చిగిర్చుటకై నిప్పు పెట్టువారు, చేని గట్టున కంప కాల్చి ఇంటికి పోవు రైతు, బీడీముక్క ఆర్పక పారవైచు బాటసారి — వీరిలో అడవికి కీడు తలపెట్టినవాడు ఒక్కడును లేడు.

ఈ మంట చాలవరకు నేలబారున పోవును. దళసరి బెరడు గల పెద్ద చెట్లు దీనికి చావవు. అయితే వాని మొదట, ముఖ్యముగా ఆకు పేరుకొను ఎగువవైపున, బెరడు మాడి గాయమగును. ఆ దారిన పుచ్చును చెదయు చొచ్చి, కొన్నేండ్లకు పైకి నిండుగా కనిపించు మాను లోపల డొల్లగా తేలును.

చిన్న మొక్కల గతి వేరు. కాండము మాడినను నేలలో వేరుమొదట నిద్రించు మొగ్గలు బ్రతికియుండి, తొలకరికి పిలకలై లేచును. మనము చూచు పచ్చదనము ఇదియే. పాత వేరు తన నిలువను ఖర్చుపెట్టి వేసిన చిగురు. మరుసటి వేసవి మరల కాలినచో మరల పిలక. ఇట్లు ఏండ్ల తరబడి నెట్టుకొని వచ్చినను మోకాలెత్తు దాటని టేకు మొక్కలు ఎన్నియో కలవు. ఇక గింజనుండి ఆ యేడే మొలిచిన లేత మొలకలకు ఆ నిలువయు లేదు. అవి ఒక్క మంటకే పోవును. కావున ఏటేట కాలు అడవిలో తాతలుందురు, మనుమలుండరు.

వెదురు విషయమున ఇది మరింత స్పష్టము. సాధనపు వెదురు పలు దశాబ్దములకొకసారి గుంపుగా పూచి, గింజ రాల్చి, పొదతో సహా చచ్చును. ఆ గింజయే వెదురు బియ్యము. వానలకు పొద క్రింద నారుమడి వలె మొలకలు వచ్చును. ఎండుబొంగులు కూలిన ఆ చోటనే మరు వేసవి నిప్పు పడినచో తల్లియు లేదు, పిల్లయు లేదు. బుట్టలల్లు మేదరులకు, ఇంటి దడులకు వెదురు వాడు చెంచులకు ఆ లోటు ఏండ్ల తరబడి తీరదు.

బూడిద ఎరువు గదా యనువారు కలరు. కొంత నిజమే. కాని ఆకులోని నత్రజని చాలభాగము పొగతో పోవును. బూడిదయు మొదటి వానకు కొట్టుకొనిపోవును. కప్పులేని నేలపై చినుకు నేరుగా పడి, నీరు ఇంకక పరుగెత్తి, పైమన్ను ఊరి చెరువులో పూడికగా దిగును. పూడికతీత పద్దు వ్రాయునపుడు కొండమీది మంటను కూడ తలచుట మంచిది.

నిప్పు అడవికి పూర్తిగా పరాయిదని మేము చెప్పము. టేకు టెంకకు కొంత వేడి తగిలినచో మొలకెత్తుట సులువగును. అటవీశాఖవారును అగ్నిరేఖలలోని గడ్డిని ఎండలు ముదురకముందే కాపలాతో కాల్చుదురు. ఆ నిప్పునకు హద్దు కలదు.

కాలిన తావున నాటవలసినది తక్కువ, ఆపవలసినది ఎక్కువ. వేళ్లు బ్రతికియున్నచోట మూడు నాలుగు వేసవులు నిప్పును, పశువులను రానీయకున్నచో, పిలకలలో బలమైనది మంటకును మేక నోటికిని అందని యెత్తు చేరును. మేపు మానుమనుట తేలిక కాదు. కొండనంతయు మూయక కాలిన భాగమును మాత్రమే మూసి, అచటి గడ్డిని కోసికొని పోనిచ్చుట మేలని మా అభిప్రాయము. ఇప్పచెట్టు క్రింద ఆకు ఊడ్చి పాతచీర పరచినను పువ్వు దక్కును. తునికి పొదలను ఫిబ్రవరి, మార్చిలలో మొదలంట నరికినను మంచి ఆకు వచ్చును.

1967 నాటి అటవీ చట్టము 20వ సెక్షను రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నేరముగా ఎంచుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 5వ సెక్షను అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు కూడ ఇచ్చినది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించి అటవీ సిబ్బందికి తెలుపుచున్నది. అయినను ఉపగ్రహము దినమునకు కొన్ని పర్యాయములే మీదుగా పోవును. పొలములోని మనిషికి పొగ ముందే కనిపించును. మంట పెరిగిన వెనుక ఆర్పుట ఎంత భారమో 2014 మార్చిలో తిరుమల చెంత శేషాచలము కొండలు చూపినవి. వైమానికదళపు హెలికాప్టర్లు నీరు గుమ్మరింపవలసి వచ్చినది.

ఇప్పపువ్వు వేసవి మొదటనే రాలును గనుక, జనవరి గ్రామసభలోనే కాపలా వంతులు నిర్ణయించి, చాటింపు వేయించి, అటవీ రేంజి అధికారి ఫోను నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.