భైరవుడికి ఒక ముద్ద

నూజివీడు ప్రాంతంలో వేసవికి చుట్టాలను పిలవడానికి శుభలేఖలు అక్కర్లేదు. చిన్నరసాలు పండాయన్న కబురు చాలు. కిందటేడు ఏరువాక పున్నమి నాడు మా ఇంట పన్నెండు విస్తళ్లు పడ్డాయి. పులిహోర, గారెలు, పరమాన్నం, ఆఖరున గంపెడు రసాలు. భోజనాలు ముగిసేవేళకు పెరటి గుమ్మంలో తోక ఆడిస్తూ మా భైరవుడు నిలబడ్డాడు. పండుగ పూట మూగజీవాన్ని చిన్నబుచ్చడమెందుకని తలా ఒకటి వేశారు. జుర్రిన టెంకను విసిరింది మాత్రం నేనే.

మర్నాడు భైరవుడు అన్నం ముట్టలేదు. అప్పుడే కడిగిన వసారాలో రెండుసార్లు కక్కుకున్నాడు. నాకు కోపం వచ్చి కర్రతో ఒక్కటి వేశాను. వాడు కుయ్యిమనలేదు. నా వంక ఒకసారి చూసి, వెళ్లి నూతిగట్టు పక్కన పడుకున్నాడు.

నన్నయగారి ఆదిపర్వంలో సరమ కథను ఏటేటా పాఠం చెప్పేవాణ్ణి నేను. యాగం జరిగేచోటికి వచ్చిన కుక్కపిల్లను, ఏ తప్పూ చేయకపోయినా, జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. తల్లి సరమ వచ్చి రాజును నిలదీసింది. నన్ను నిలదీయడానికి సరమ రానక్కర్లేకపోయింది.

"పెట్టిందీ మీరే, కొట్టిందీ మీరేనా?" అన్నది మా ఆవిడ.

సాయంత్రానికి వాణ్ణి పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాం. టెంక పేగులో అడ్డం పడిందట. ఆపరేషన్ చేసి తీశారు. ఇంకొక రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

అప్పుడు విన్నవీ, తరువాత చదివి తెలుసుకున్నవీ నలుగురికీ పనికివస్తాయి. మామిడిపండు కుక్కకు విషం కాదు. తొక్కా టెంకా తీసి నాలుగు ముక్కలు పెట్టవచ్చు. టెంకే గండం. గారెల్లోని ఉల్లి, పచ్చళ్లలోని వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలను చెడగొడతాయి. వండినా ఆ గుణం పోదు. పరమాన్నంలోని కిస్మిస్ మూత్రపిండాలకు చేటు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం అందుకు కారణం కావచ్చునని అమెరికా పశువైద్యులు 2021లో సూచించారు. ఆ ఆమ్లం మన చింతపండులో దండిగా ఉన్నది! చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2022లో వెల్లడి చేశారు. కనుక పులిహోర, పులుసు మనవరకే. పిల్లలు ముద్దుగా అందించే చాక్లెట్ కూడా కూడదు.

పొరపాటున తింటే ఉప్పునీళ్లు పట్టి కక్కించే చిట్కాలు వద్దు. ఏమి తిన్నదో, ఎంత తిన్నదో చెప్పి వెంటనే వైద్యుడికి చూపించాలి.

మరి పండుగనాడు వాటికేమి పెట్టాలి? మా నాయనమ్మ ఉప్పూ పులుపూ కలపకముందే, వార్చిన అన్నంలోంచి కాకికొక ముద్ద, కుక్కకొక ముద్ద తీసిపెట్టేది. అది వట్టి ఆచారమే అనుకున్నాం. ఇప్పుడు మా ఇంట పోపు వేయకముందే ఆ ముద్ద లేస్తున్నది. దానిలో రెండు ఉడికిన గుమ్మడి ముక్కలు కలుపుతున్నాం. టెంకలన్నీ మూత ఉన్న బకెట్టులోకి పోతున్నాయి.

నా చేతిలో కర్ర కనిపిస్తే భైరవుడు ఇప్పటికీ ఒక అడుగు వెనక్కు వేస్తాడు. ముద్ద తీసుకువెళితే మాత్రం, పాతదంతా మరచిపోయినట్టే, తోక ఆడిస్తూ ఎదురువస్తాడు.