పాత ఇంటి పూతల కింద ఏముంది? అపోహలు – వాస్తవాలు

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో (నడుమ ఆకాశానికి తెరిచిన మండువా ఉండే ఇళ్లలో) టేకు స్తంభాలు, గానుగ సున్నపు గోడలు, ఎర్ర గచ్చు నేలలు ఇంకా ఉన్నాయి. చాలా ఇళ్లలో అవి ఎనామిల్ రంగుల కిందా, సిమెంటు కిందా, టైల్స్ కిందా దాగిపోయాయి. తాతల నాటి ఇంటిని మళ్లీ బాగుచేసుకోవాలనే కోరిక మంచిదే. అయితే కొన్ని తప్పుడు నమ్మకాల వల్ల, కాపాడాలనుకున్నదే మన చేతులతో పాడవుతోంది.

అపోహ: సున్నపు గోడకు సిమెంటు పూస్తే బలం వస్తుంది.

వాస్తవం: పాత ఇళ్లకు ఎక్కువ చేటు చేసేది ఈ నమ్మకమే. పునాదిలోంచి తేమ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన తేమ ఉప్పును వెంటబెట్టుకుని ఇంకా పైకి పాకుతుంది. కొన్నాళ్లకు ఇటుక పొడిగా రాలుతుంది. సున్నం బలహీనమైనదేమీ కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలోనూ గత శతాబ్దంలో వేసిన సిమెంటును తొలగించి సున్నమే పూశారు. ఇంట్లో సిమెంటును ఊడదీస్తున్నప్పుడు ఇటుక కూడా పెచ్చులుగా వచ్చేస్తుంటే అక్కడితో ఆపాలి.

అపోహ: స్తంభాల మీది రంగును మంటతో కాల్చి, గరుకు కాగితంతో రుద్దేస్తే సరి.

వాస్తవం: పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. పొడిగా రుద్దితే వచ్చే దుమ్ము, కాల్చితే వచ్చే పొగ పిల్లలకూ గర్భిణులకూ ప్రమాదకరం. ముందు రంగును పరీక్ష చేయించాలి. ఆ తర్వాత మూలన అరచేయంత చోట రంగు తీసే ద్రావణం పూసి చూడాలి. చెక్కడపు గీతలు చెదరకపోతేనే మిగతా స్తంభం జోలికి వెళ్లాలి.

అపోహ: టైల్స్ తీసి యాసిడ్ పోస్తే గచ్చు మెరుస్తుంది.

వాస్తవం: యాసిడ్ సున్నాన్నీ సిమెంటునూ తినేస్తుంది, నునుపు శాశ్వతంగా పోతుంది. మూలన ఒక్క టైల్ తీసి చూడండి. దానితోపాటు గచ్చు ఊడొస్తే, మిగతావి కదపకపోవడమే మేలు.

అపోహ: మండువాను రేకుతో మూసేస్తే ఇంటికి రక్షణ.

వాస్తవం: వేడిగాలి పైకి పోయేదీ, లోపలి గదులకు వెలుగు వచ్చేదీ ఆ చోటునుంచే. వాన జల్లు ఇబ్బందైతే, చుట్టూ గాలి ఆడేలా ఖాళీ వదిలి, ఎత్తుగా పారదర్శక కప్పు వేయించుకోవచ్చు.

అపోహ: పునరుద్ధరణ అంటే అన్నీ కొత్తవాటిలా కనిపించాలి.

వాస్తవం: పుచ్చిన స్తంభం మొదలు కోసి, అదే జాతి కర్రతో అతుకు వేస్తే చాలు, స్తంభమంతా మార్చనక్కర్లేదు. పాత పనితనం ఒకసారి పోతే డబ్బు పెట్టినా తిరిగి రాదు. అందుకే పలుగు పట్టేవాళ్లకంటే ముందు, సున్నం పని తెలిసిన మేస్త్రీని ఇంటికి పిలవండి.