తళ్లికోట యుద్ధంలో చిన్న సైన్యం ఎలా గెలిచింది?

నాదర్‌గుల్ వాళ్లకు ఇబ్రహీంపట్నం చెరువు కొత్తేమీ కాదు. ఆ ఊరి పేరులో ఉన్న ఇబ్రహీం, 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా. తళ్లికోట యుద్ధంలో గెలిచిన సుల్తానుల్లో ఆయన ఒకరు.

1565 జనవరిలో కృష్ణా నది దక్షిణ ఒడ్డున ఆ యుద్ధం జరిగింది. ఒకవైపు అళియ రామరాయల విజయనగర సైన్యం, మరోవైపు అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ, బీదర్ సుల్తానులు. రెండు సైన్యాల లెక్కల్లో చరిత్రకారులకు పొంతన లేదు కానీ, విజయనగరం సైన్యమే పెద్దదని ఎక్కువమంది మాట. మరి అది ఎందుకు ఓడింది?

మొదటి కారణం ఐక్యత. అంతకుముందు రామరాయలు ఒక సుల్తానును ఇంకొకరి మీదికి ఉసిగొల్పి లాభపడేవారు. ఈసారి ఆ ఎత్తు పారలేదు. అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని బీజాపూర్ అలీ ఆదిల్ షాకిచ్చి నిఖా చేసి, షోలాపూర్ కోట కూడా ఇచ్చారు. పాత శత్రువులు బంధువులయ్యారు.

రెండోది నది దాటడం. అసలు రేవుకు విజయనగరం గట్టి కాపలా పెట్టింది. సుల్తానులు నది వెంట వేరేచోటికి పోతున్నట్టు నటించారు. కాపలా సైన్యం అటు కదలగానే వెనక్కి తిరిగొచ్చి ఆ రేవులోనే దాటేశారు.

మూడోది ఫిరంగులు. యుద్ధం మొదట్లో మన ఇబ్రహీం ఉన్న ఎడమ పక్కా, ఆదిల్ షా ఉన్న కుడి పక్కా వెనక్కి తగ్గాయి. మధ్యలో నిజాం షా మాత్రం నిలబడ్డారు. ఆయన ఫిరంగుల సర్దార్ చెలెబీ రూమీ ఖాన్ 600 ఫిరంగులను మూడు వరుసల్లో నిలిపాడని, ముందు 2,000 మంది విలుకాళ్లతో వాటిని కనపడకుండా దాచాడని ఫరిష్తా రాశారు. విజయనగరం దళాలు దగ్గరికి రాగానే విలుకాళ్లు పక్కకు తప్పుకున్నారు. రాగి నాణేల సంచులు కూరిన ఫిరంగులు ఒక్కసారిగా పేలాయి.

నాలుగోది, సైన్యమంతా ఒక్క మనిషి మీదే ఆధారపడటం. ముసలితనంలోనూ రామరాయలు యుద్ధం మధ్యలోనే ఉన్నారు. ఆయన పట్టుబడ్డారు, తల నరికారు. దాన్ని చూపించగానే మిగిలిన సైన్యం చెల్లాచెదురైంది.

దీన్ని హిందూ ముస్లిం పోరుగా చెప్పేవాళ్లున్నారు. కానీ రామరాయల కొలువులో ముస్లిం సేనానులు ఉండేవారు, గోల్కొండ కొలువులో తెలుగు నాయక్‌వాడీలు పనిచేశారు. ఇబ్రహీమే గద్దెనెక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నారు. తెలుగు కవులు ఆయనను 'మల్కిభరాముడు' అని పిలిచారు, అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చారు. హంపీ నగరాన్ని గెలిచినవాళ్లు దోచుకుని పాడుచేశారన్నదీ నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు.

గెలిచాక సుల్తానుల స్నేహం ఎక్కువకాలం నిలవలేదు. పిల్లలు అడిగితే ఈ మాట కూడా చెప్పండి: కలిసి ఉన్నన్నాళ్లే వాళ్లకు బలం, అది పోయాక మళ్లీ ఒకరినొకరు కొట్టుకున్నారు.