ఆటస్థలం ఎవరి కోసం?

టెన్నిస్ అనగానే తెలుగువారి మనస్సులో మెదిలే పేరు సానియా మీర్జా. హైదరాబాదులో పెరిగి, ఆరవ ఏట రాకెట్ పట్టిన ఆమె 2015లో మహిళల డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానాన్ని అధిరోహించారు. ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు గెలిచి, 2023లో క్రీడారంగం నుండి విరమించారు. అటువంటి విజేత తరానికి ఒక్కరు లభించడమే గగనం. మరి రాకెట్ పట్టిన తక్కిన వేలమంది శ్రమ వృథాయేనా?

కాదనడానికి కోపెన్‌హాగన్ నగరంలో జరిగిన పరిశోధన ఒకటి ఆధారంగా ఉంది. 8,577 మందిని దాదాపు 25 సంవత్సరాలు పరిశీలించిన వైద్యులు, వ్యాయామం చేయనివారికన్నా టెన్నిస్ ఆడేవారి ఆయుర్దాయం సగటున 9.7 సంవత్సరాలు అధికమని 2018లో ప్రకటించారు. ఒంటరి వ్యాయామంకన్నా తోడుతో ఆడే ఆటలలోనే మేలు ఎక్కువగా కనిపించింది. అయితే ఆ మేలుకు ఆటయే కారణమని వారు తేల్చి చెప్పలేదు. టెన్నిస్ ఆడేది చాలావరకు కలిగినవారే కదా!

నాగర్‌కర్నూల్ వంటి గ్రామీణ జిల్లాకు ఈ విషయం మరొక రీతిగా వర్తిస్తుంది. 78 అడుగుల టెన్నిస్ కోర్టులో ఒకసారికి నలుగురే ఆడగలరు. 59 అడుగుల వాలీబాల్ కోర్టులో పన్నెండుమంది ఆడగలరు. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రామగ్రామాన క్రీడా ప్రాంగణాలు నెలకొల్పబూనినప్పుడు వాలీబాల్, కబడ్డీ, ఖోఖోలకు చోటు కల్పించడం సముచితమే. కాని సాయంకాలం ఆటస్థలం ద్వారానికి తాళం పడితే ఆ పన్నెండుమందీ వీధి అరుగులకే పరిమితమవుతారు.