బంతి కన్నా ముందే...

ఈసారి టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ వస్తే ఓ పని చేయండి. బంతిని వదిలేసి పది నిమిషాలు రిఫరీనే చూడండి. ఆయన బంతి వెంట పడడు. అది ఎక్కడికి రాబోతోందో ఊహించి ముందే అటు కదులుతుంటాడు! అలా ఒక్క మ్యాచ్‌లో పది పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు మరి.

ఆ తిరగడానికీ ఓ లెక్కుంది. మైదానంలో ఓ మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా గీత ఉన్నట్టు ఊహించుకుని, కాస్త అటూ ఇటూగా దాని వెంటే పరుగెడతాడు. పక్కగీతల దగ్గర జెండాలతో ఇద్దరు సహాయకులుంటారు కదా. ఆట ఎప్పుడూ రిఫరీకీ, వాళ్లలో ఒకరికీ మధ్యలో ఉండాలి. ఒకరికి ఆటగాడి వీపు కనిపిస్తే ఇంకొకరికి ముఖం కనిపిస్తుందన్నమాట. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఇంగ్లండ్ రిఫరీ స్టాన్లీ రౌస్. తరవాత ఆయనే ఫిఫా అధ్యక్షుడయ్యాడు.

బాగా దగ్గరగా ఉంటే చాలదా అంటే... చాలదు. మరీ దగ్గరకెళ్తే పాస్‌లకు అడ్డం. ఒకప్పుడు బంతి రిఫరీకి తగిలినా ఆట సాగిపోయేది. 2019 నుంచి, అలా తగిలి బంతి ఎదుటి జట్టుకు చిక్కితే ఆట ఆపాల్సిందే. పైగా సరిగ్గా వెనక నుంచి చూస్తే ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఏం జరిగిందో తెలీదు. పక్క నుంచి చూడాలి. 2002 ప్రపంచకప్ ఫైనల్ నడిపించిన ఇటలీ రిఫరీ కొలీనా... అదే, నున్నటి గుండు, గుచ్చి చూసే కళ్లు... ఆ జట్లు ఎలా ఆడతాయో ముందే చదువుకుని మరీ వచ్చేవాడు.

చూపు అందకపోతే ఏమవుతుందో 1986 జూన్ 22న మెక్సికో సిటీలో తేలింది. అర్జెంటీనా, ఇంగ్లండ్‌ల క్వార్టర్‌ఫైనల్. మారడోనా గోల్‌కీపర్‌తో పాటు ఎగిరి బంతిని ఎడమచేత్తో గోల్‌లోకి కొట్టేశాడు. ట్యునీషియా రిఫరీ అలీ బిన్ నాసర్ ఉన్నచోటి నుంచి ఆ చెయ్యి కనబడలేదు. సహాయకుడి వంక చూశాడు. జెండా లేవలేదు. గోల్ ఇచ్చేశాడు! ఇప్పుడైతే వీడియో రిఫరీలున్నారు. కానీ వాళ్లు చూసేది గోల్, పెనాల్టీ, రెడ్‌కార్డు వంటి పెద్ద నిర్ణయాలే. మిగతాదంతా మైదానంలో ఉన్నాయన కళ్లమీదే.

నాలుగు నిమిషాల తరవాత మారడోనా తమ సగంలో బంతి అందుకుని ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ దూసుకెళ్లాడు. ఎక్కడ పడేస్తారో, ఎక్కడ విజిల్ వేయాలో అనుకుంటూ బిన్ నాసర్ వెనకే పరుగెత్తాడు. వేయలేదు. ఆ గోల్‌నే 2002లో ఫిఫా ఓటింగులో శతాబ్దపు గోల్‌గా అభిమానులు ఎన్నుకున్నారు. తనను దోషినీ, సాక్షినీ చేసిన ఆ బంతిని బిన్ నాసర్ ముప్పై ఆరేళ్లు దాచుకున్నాడు. 2022లో వేలానికి పెడితే 20 లక్షల పౌండ్లు పలికింది.