పిల్లల ఆటసామాను: చేతికందని అంగడి

ఒకప్పుడు పిల్లవానికి క్రికెట్ బ్యాటు కొనవలెనన్నచో తండ్రి వానిని వెంటబెట్టుకొని పట్టణములోని ఆటసామానుల దుకాణమునకు వెళ్లెడివాడు. దుకాణదారుడు పిల్లవానిని ఒకమారు ఎగాదిగా చూచి, మూలనున్న బ్యాట్లలో నుండి ఒకటి తీసి చేతికిచ్చెడివాడు. వాడు దానిని అక్కడనే రెండుమార్లు ఊపి చూచెడివాడు. బరువైనచో వాని ముఖమే చెప్పెడిది. బేరము పెద్దలది; తగినదా, కాదా యను తీర్పు మాత్రము పిల్లవాని మణికట్టుది.

ఇప్పుడా దుకాణము ఫోనులోనికి వచ్చినది. రాత్రి భోజనమైన పిమ్మట మంచముమీద కూర్చుండి నూరు రకముల బ్యాట్లు, బంతులు, రాకెట్లు చూడవచ్చును. వేలితో తాకి సొమ్ము చెల్లించినచో నాలుగు దినములలో పెట్టె గుమ్మములోనికి వచ్చును. ఆటసామాను అమ్మువారే లేని చిన్న ఊళ్లకు ఇది గొప్ప సదుపాయము. దీనిని తక్కువచేసి మాటాడుట మా ఉద్దేశము కాదు. కాని ఈ అంగడిలో కంటికి పని కలదు, చేతికి లేదు. చేయి చేయవలసిన పనిని ఇంటివద్ద కొలతటేపు చేయవలెను. ఈ సంగతిని మేము డబ్బు పోగొట్టుకొని నేర్చుకొంటిమి.

మా ఇంట పదునొకండేండ్ల మనుమడు కలడు. అంతవరకు ప్లాస్టిక్ బ్యాటుతో ఆడినవాడు, పుట్టినరోజునకు ‘అసలు బ్యాటు’ కావలెనని కోరెను. వానికి తెలియకుండ తెప్పించి ఆశ్చర్యపరచవలెనని మా ముచ్చట. అందుచేత వానిని అడుగలేదు, కొలువలేదు. తెరమీద ‘షార్ట్ హ్యాండిల్’ అను మాట కనబడెను. పొట్టి పిడి గనుక పొట్టివారికే యని మేము నిశ్చయించుకొంటిమి. ‘ఎదిగే పిల్లవాడు, కాస్త పెద్దదైనా రెండేళ్లు వస్తుంది’ అని ఇంటిలోనివారందరు బలపరచిరి. మూడు వారములు ముందుగా తెప్పించి, పెట్టె విప్పకయే బీరువామీద దాచితిమి.

పుట్టినరోజున విప్పి చూడగా బ్యాటు వాని నడుము నంటినది. వాడు సంతోషముతోనే మైదానమునకు కొనిపోయెను. నాలుగవనాడు మరల పాత ప్లాస్టిక్ బ్యాటు పట్టుకొని బయలుదేరుచుండగా కారణ మడిగితిమి. ‘బంతి వచ్చేస్తోంది తాతయ్యా, బ్యాటు రావడం లేదు’ అని తల వంచుకొనెను. తరువాత తెలిసినదేమనగా, ‘షార్ట్ హ్యాండిల్’ అనునది పెద్దవారి పూర్తి పరిమాణపు బ్యాటునకు పేరు! తిరిగి పంపుదమన్నచో గడువు బీరువామీదనే గడచిపోయినది.

చొక్కాకు, నిక్కరుకు పనికివచ్చెడి లెక్క ఆటసామానుకు పనికిరాదు. వదులైన చొక్కా పిల్లవానిని బాధింపదు. పొడుగైన బ్యాటు అట్లు కాదు. అది మీటకోల వంటిది. బరువు చేతులకు ఎంత దూరముననున్న అంత ఎక్కువగా లాగును. పిల్లవాడు దానిని మోయలేక చేతులను పిడి క్రిందికి జార్చును, భుజము వంచును, బంతికి ఆలస్యముగా అందును. కొన్నాళ్లకు ఆ తప్పు పట్టే వానికి అలవాటగును. అంతకంటె విచారకరమైన సంగతి వేరొకటి కలదు. లోపము బ్యాటుదని ఎవరును అనరు; ‘వీడికి ఆట రాదు’ అందురు. పిల్లవాడును దానినే నమ్మును.

కావున మొదట కొలత. పిల్లల బ్యాట్లు 1 నుండి 6 వరకు నంబర్లతో వచ్చును. ఆ పైది హారో, దానిపైది షార్ట్ హ్యాండిల్. వీనిని వయస్సునుబట్టి గాక ఎత్తునుబట్టి ఎన్నుకొనవలెను. తయారీదారుల పట్టికలలో స్వల్ప భేదములుండును గనుక ఏ బ్యాటు కొనుచున్నామో ఆ తయారీదారుని పట్టికనే చూడవలెను. నాలుగడుగుల తొమ్మిది అంగుళముల ఎత్తున్న మా వానికి నాలుగవ నంబరు సరిపోయినది. బ్యాటు వచ్చిన పిమ్మట బూట్లు తొడిగించి నిలువబెట్టి, దానిని కాలి ప్రక్కన ఆనించి చూడుడు. పిడి కొన తొడ మొదటి వరకు వచ్చిన చాలును. పై చేతితో మాత్రమే ఎత్తి చాచినపుడు చేయి వణకినచో అది బరువైనదన్నమాట.

బంతికిని ఇదే నియమము. పురుషుల క్రికెట్ బంతి బరువు 155.9 నుండి 163 గ్రాములు. 13 ఏండ్లలోపు వారి బంతి 133 నుండి 144 గ్రాములు మాత్రమే. ఫుట్‌బాలులో పెద్దలది 5వ నంబరు, చుట్టుకొలత 68 నుండి 70 సెంటీమీటర్లు. చిన్నవారికి 3, 4 నంబర్లు కలవు. టెన్నిస్ నేర్చుకొను పిల్లలకు ఎఱుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తులుగల బంతులు వేరుగా నున్నవి. మామూలు బంతికంటె ఎఱుపుది నూటికి 75 వంతులు, నారింజది 50, ఆకుపచ్చది 25 వంతులు మెల్లగా వచ్చును. పదేండ్లలోపు వారి పోటీలలో ఇట్టి బంతులనే వాడవలెనని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుండి నియమము చేసినది. బంతి మెల్లగా వచ్చినచో పిల్లవానికి ఆలోచించుటకు వ్యవధి చిక్కును.

బూట్ల విషయములో మరియొక చిక్కు కలదు. మన దేశములో తరచు వాడెడి బ్రిటిష్ కొలతలో పిల్లల నంబర్లు 13 వరకు పోయి మరల 1 నుండి మొదలగును. అనగా ఆ 1, ఈ 13 కంటె పెద్దది. నంబరును నమ్ముకొనక, సాయంకాలమున పిల్లవానిని కాగితముమీద నిలిపి, మడమ నుండి పొడవైన వ్రేలి కొనవరకు సెంటీమీటర్లలో కొలిచి, రెండు పాదములలో పెద్దదానిని పట్టికతో పోల్చి చూడుడు.

హెల్మెటును ఎదుగుదలకని వదులుగా కొనుట అన్నిటికంటె ప్రమాదము. కనుబొమలకు కొంచెము పైగా తల చుట్టును టేపుతో కొలువవలెను. క్రికెట్ హెల్మెటునకు ముందు ఇనుప జాలి యుండును గదా! ఆ జాలికిని అంచునకును నడుమనున్న సందు పెద్దవారి బంతిని ఆపవచ్చును. అంతకంటె చిన్నదైన పిల్లల బంతి దూరిపోవచ్చును. బ్రిటిష్ ప్రమాణము బి.ఎస్. 7928:2013 ముద్రతోపాటు, అది చిన్నవారి బంతికిని పరీక్షింపబడినదా యని చీటీ చదువుడు. బొమ్మ చూచి ఈ సంగతి తెలిసికొనజాలము.

ఇక వర్ణనలు. ‘విల్లో’ అని ఉన్నంతమాత్రమున బ్యాట్లన్నియు ఒకటి కావు. ఇంగ్లీషు విల్లో తేలిక, ఖరీదు. కాశ్మీరు విల్లో కొంచెము బరువు, చౌక. కాశ్మీరములో అనంతనాగ్ జిల్లా సంగమ్ ప్రాంతమున రహదారి పొడవున ఈ బ్యాట్లు తయారగుచుండును. మీరట్, జలంధర్ నగరముల ఆటసామానుల పరిశ్రమకు, 1947 దేశవిభజనవేళ సియాల్‌కోట నుండి తరలివచ్చిన పనివారు పెద్ద బలమైరి. నేర్చుకొను పిల్లవానికి కాశ్మీరు విల్లో ఎంతమాత్రము చిన్నతనము కాదు. కాని టెన్నిస్ బంతికని చేసిన బ్యాటుతో తోలుబంతి కొట్టినచో చీలవచ్చును. తోలుబంతి బ్యాటునైనను మొదట అవిసెనూనె పలుచగా పూసి, కఱ్ఱసుత్తితో మెల్లగా కొట్టి పదును చేయవలెను.

నక్షత్రములను చూచి మోసపోరాదు. ఐదు నక్షత్రములిచ్చి ‘చాలా బాగుంది’ అని వ్రాసినవారివలన మనకు తెలియునది స్వల్పము. ‘మా తొమ్మిదేండ్ల అమ్మాయి రెండు నెలలు ఆడినది, పిడి చుట్టు ఊడినది’ అని వ్రాసినవారివలన తెలియునది ఎక్కువ. ఇట్టి సమీక్షలను సేకరించి ప్రకటించు పద్ధతులకు భారతీయ ప్రమాణముల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించినది.

చట్టము కొనుగోలుదారు పక్షమున కొంతవరకు నిలుచుచున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020లో ఆన్‌లైన్ వర్తకమునకు నియమములు వచ్చినవి. వస్తువు ఏ దేశములో తయారైనదో తెరమీద చూపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలోపల పరిష్కరింపవలెను. వస్తువు లోపముగలదైనను, వర్ణనకు భిన్నమైనదైనను అమ్మినవాడు తిరిగి తీసికొననని యనరాదు. వినకున్న 1915కు ఫోను చేయవచ్చును. అయితే మా వలె పరిమాణము తప్పుగా ఎన్నుకొనుట మన పొరపాటు. దానిని మార్చుట ఆ దుకాణపు షరతులకు లోబడియుండును. కావున షరతులు కొనకముందే చదువుడు. పెట్టె వచ్చిననాడే విప్పుడు. విప్పుచుండగా ఫోనుతో చిత్రము తీయుడు. ఆడకముందే పిల్లవానిచే పట్టించి చూడుడు. పుట్టినరోజు వచ్చువరకు బీరువామీద దాచకుడు.

సొమ్ము తిరిగి ఇచ్చెదమని ఎవరైన ఫోనుచేసి యూపీఐ పిన్నుగాని, ఓటీపీగాని అడిగినచో వెంటనే ఫోను పెట్టివేయుడు. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ను అక్కరలేదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930కు తెలుపవలెను. ఎంత త్వరపడిన అంత మేలు.

ఆ పెద్ద బ్యాటు ఇప్పుడు మా వీధిలోని కళాశాల విద్యార్థి చేతిలో నున్నది. మనుమనికి రెండవ బ్యాటును కూడ ఆన్‌లైన్ దుకాణముననే కొంటిమి. ఈమారు వానిని గోడకు ఆనించి నిలిపి, పెన్సిలుతో గీత గీచి కొలిచితిమి. ఆశ్చర్యపరచవలెనను మా ముచ్చట తీరలేదు. కాని పట్టికను వాడే చదివెను, నంబరును వాడే నిర్ణయించెను. పెట్టె వచ్చిన సాయంకాలము మైదానమునుండి వాడు చీకటిపడిన తరువాత గాని ఇంటికి రాలేదు.